బేగంపేట అబ్జర్వేటరీ నుంచి యురేనస్ వలయాల దాకా: వైను బప్పు జీవితం

రంజాన్ నెలవంక కోసం డాబా ఎక్కని ఇల్లు మన దగ్గర ఉండదు. దూలపల్లిలో ఉండేవాళ్లకు ఆ పని కాస్త సులువే. కొంపల్లి వైపు లైట్లను వీపు వెనక్కి పెట్టుకుని పడమటి దిక్కు చూస్తే, అడవి ఉన్న పక్క ఆకాశం ఇంకా కొంచెం చీకటిగానే ఉంటుంది. కొన్ని ఏళ్లలో నెలవంక పక్కనే ఒక చుక్క ధగధగ మెరుస్తూ కనబడుతుంది. పిల్లలు అదేంటని అడుగుతారు. దాదీ జోహ్రా అంటుంది, స్కూల్లో టీచరు శుక్రగ్రహం అంటాడు. రెండూ ఒకటే. మిగతా చుక్కలు మినుకుమినుకుమంటుంటే అది మాత్రం నిలకడగా వెలుగుతుంది. నక్షత్రాలు ఎంత దూరంలో ఉన్నాయంటే మన కంటికి అవి ఒట్టి బిందువులు. గాలి కదిలితే ఆ బిందువు వెలుగు కూడా అల్లాడిపోతుంది. గ్రహం దగ్గరిది. అది చిన్నదే అయినా ఒక బిళ్ల. బిళ్లలో ఒక చోటి వెలుగు తగ్గితే ఇంకో చోటిది పెరిగి సరిపోతుంది. అందుకే అది అంతగా మినుకదు.

ఇలాంటి సంగతులు ఇంట్లోనే నేర్చుకుంటూ పెరిగిన కుర్రాడు ఒకడు హైదరాబాద్‌లో ఉండేవాడు. దూలపల్లికి దక్షిణంగా దాదాపు 15 కిలోమీటర్ల దూరంలో, బేగంపేటలో, వాళ్ల నాన్న రాత్రుళ్లు టెలిస్కోపు దగ్గర డ్యూటీ చేసేవాడు. ఆ కుర్రాడే తర్వాత ప్రపంచ ఖగోళ శాస్త్రవేత్తల సంఘానికి అధ్యక్షుడైన మనాలి కల్లట్ వైను బప్పు.

ఆయన కథ చెప్పాలంటే ముందు ఒక నవాబు గారి సంగతి చెప్పాలి. ఆయన లేకపోతే ఆ టెలిస్కోపే లేదు.

నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్ సంస్థానంలో పెద్ద ఉమరావు. ఆ కాలంలో ఉమరావుల ఖర్చులు ఎలా ఉండేవో అందరికీ తెలిసిందే. దేవ్‌డీలు, వేట, గుర్రాలు. ఈయన మాత్రం ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల కటకం ఉన్న గ్రబ్ కంపెనీ టెలిస్కోపు తెప్పించాడు. పాతబస్తీ అవతల ఫిసల్‌బండలోని తన జాగాలో దానికోసం అబ్జర్వేటరీ పెట్టాడు. 1901లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అనుమతితో దానికి నిజామియా అని పేరొచ్చింది. తన తర్వాత అది ప్రభుత్వానికే చెందాలని కూడా అప్పుడే కోరుకున్నాడు. 1907లో ఆయన చనిపోయాడు. తెప్పించిన పెద్ద టెలిస్కోపుతో చెప్పుకోదగ్గ పని ఒక్కటీ ఇంకా మొదలు కాలేదు.

మాట ప్రకారం 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. అబ్జర్వేటరీని అప్పట్లో ఊరి బయట ఉన్న బేగంపేటకు మార్చారు. ఆకాశంలోని నక్షత్రాలన్నిటినీ ఫోటోలు తీసి పట్టిక వేయాలని 1887లో పారిస్‌లో ఒక పెద్ద పథకం మొదలైంది. ఒక్కో దేశపు అబ్జర్వేటరీకి ఆకాశంలో ఒక్కో పట్టీ పంచారు. హైదరాబాద్ కూడా అందులో చేరింది. గాజు ప్లేట్ల మీద ఫోటోలు తీయడం, ఒక్కో చుక్క ఎక్కడుందో కొలిచి రాసుకోవడం ఏళ్ల తరబడి సాగింది. చివరికి 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు హైదరాబాద్ పేరుతో అచ్చయ్యాయి. 1919లో అబ్జర్వేటరీ ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది. నవాబు గారి 15 అంగుళాల టెలిస్కోపు 1922 నాటికి గానీ బేగంపేటలో పనిలోకి రాలేదు. కొన్నవాడు పోయి అప్పటికి 15 ఏళ్లు.

ఆ అబ్జర్వేటరీలో ఖగోళ శాస్త్రజ్ఞుడిగా పనిచేసేవాడు వైను బప్పు తండ్రి. కుటుంబం మలబారుది. వైను 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టాడు. ఒక్కడే కొడుకు. పెరిగింది, చదివింది హైదరాబాద్‌లో. నాన్న వెంట అబ్జర్వేటరీకి పోవడం, చీకట్లో కళ్లు అలవాటు పడేదాకా ఓపిక పట్టడం, చలికాలం రాత్రుళ్లు లోహపు గొట్టానికి కన్ను ఆనించి కూర్చోవడం ఆ పిల్లాడికి ఆటలాంటివి. ఆ రోజుల్లో బేగంపేట నుంచి పాలపుంత కనబడేది. ఇప్పుడు అక్కడ మెట్రో స్టేషను ఉంది.

టెలిస్కోపు పక్కన పెరిగిన పిల్లలు గ్రహాల గురించి పుస్తకంలో చదవకముందే ఒక సంగతి గమనిస్తారు. నక్షత్రాలు ఒకదానితో ఒకటి వరసలు మార్చుకోవు. ఇవాళ వృశ్చికం ఎలా ఉందో వచ్చే ఏడు కూడా అలాగే ఉంటుంది. గ్రహాలు మాత్రం ఆ నక్షత్రాల మధ్య నెలనెలా జాగా మారుతుంటాయి. మన ఉర్దూలో వాటిని సయ్యారాలంటారు, అంటే తిరిగేవి అనే. అంగారకుడు, అదే మిర్రీఖ్, కొన్నాళ్లు ముందుకు పోతూ పోతూ ఆగి, వెనక్కి నడిచి, మళ్లీ ముందుకు పోతున్నట్టు కనబడతాడు. నిజానికి అతను వెనక్కి తిరగడు. మన భూమి లోపలి దారిలో వేగంగా పోతూ అతన్ని దాటేస్తుంది. మేడ్చల్ రోడ్డు మీద బస్సులో పోతూ పక్క లారీని దాటుతుంటే లారీ వెనక్కి పోతున్నట్టు అనిపిస్తుందే, అదే సంగతి. ఈ చిన్న ముడి విప్పడానికి బాగ్దాద్, మరాఘా, సమర్‌ఖండ్‌లలో ఎంతోమంది తలలు పట్టుకున్నారు. సూర్యుడిని మధ్యలో పెట్టి లెక్క వేస్తే ముడి దానంతట అదే విడిపోయింది.

వైను నిజాం కాలేజీలో భౌతికశాస్త్రం చదివాడు. విద్యార్థిగా ఉండగానే వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాలను తనే గమనించి లెక్కలు రాసేవాడు. ఖగోళ శాస్త్రంలో పైచదువు చెప్పే చోటు అప్పుడు మనదేశంలో లేదనే చెప్పాలి. హైదరాబాద్ స్టేట్ స్కాలర్‌షిప్ మీద 1949 మొదట్లో అమెరికాలోని హార్వర్డ్ చేరాడు. సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలిసి అప్పటికి అయిదు నెలలు కూడా కాలేదు. ఊళ్లో ఎన్ని కుటుంబాలు తలకిందులయ్యాయో మన పెద్దలకు తెలుసు. అలాంటి సమయంలో ఒక కుర్రాడు చుక్కలు చూసే చదువు కోసం ఓడెక్కాడు.

హార్వర్డ్ చేరి అయిదు నెలలైనా కాకముందే, 1949 జులై 2 రాత్రి, ఆయన ఓక్ రిడ్జ్ అనే చోట ఉన్న యూనివర్సిటీ టెలిస్కోపుతో ఆకాశాన్ని ఫోటో తీస్తున్నాడు. టెలిస్కోపు నక్షత్రాల వెంటే మెల్లగా తిరుగుతూ ఉంటుంది కాబట్టి ప్లేటు మీద అవి చుక్కల్లాగే పడతాయి. ఆ ప్లేటు మీద మాత్రం ఒక మసక గీత పడింది. నక్షత్రాల మధ్య ఏదో కదులుతోంది. అదొక కొత్త తోకచుక్క. ఆయన గురువు బార్ట్ బాక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకర్క్ కూడా చేయి కలిపి దాన్ని నిర్ధారించారు. అందుకే దానికి బప్పు–బాక్–న్యూకర్క్ అని ముగ్గురి పేర్లూ వచ్చాయి. అప్పటికి ఆయనకు ఇంకా 22 ఏళ్లు నిండలేదు. ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ది పసిఫిక్ వాళ్లు ఆయనకు డోనోహో పతకం ఇచ్చారు.

ఆ తోకచుక్క దాదాపు 60,000 ఏళ్లకు ఒకసారి సూర్యుడిని చుట్టి వస్తుందని లెక్క తేలింది. ఏ మనిషీ అంతకాలం కూర్చుని చూడలేదు కదా, మరి ఈ అంకె ఎక్కడిది?

హైస్కూలు పుస్తకంలో కెప్లర్ సూత్రాలని మూడు ఉంటాయి. పిల్లలు పరీక్ష కోసం బట్టీ పట్టి మర్చిపోతారు. కానీ ఆ మూడు చేతిలో ఉంటే ఆకాశంలో తిరిగే ప్రతిదానికీ టైంటేబుల్ రాయొచ్చు. మొదటిది, గ్రహాలు తిరిగే దారి సరైన గుండ్రం కాదు, కాస్త సాగిన కోడిగుడ్డు లాంటి దీర్ఘవృత్తం. సూర్యుడు దాని నడిమధ్యలో ఉండడు, ఒక పక్కకు జరిగి ఉంటాడు. రెండోది, సూర్యుడికి దగ్గరైనప్పుడు గ్రహం వేగం పెరుగుతుంది, దూరమైనప్పుడు తగ్గుతుంది. భూమి కూడా అంతే. జనవరి మొదట్లో సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా, వేగంగా ఉంటుంది. జులైలో దూరంగా, కాస్త నిదానంగా ఉంటుంది. దగ్గరైనప్పుడు చలికాలం ఏంటి అని అనుమానం వస్తుంది. మన చలికీ ఎండకూ కారణం దూరం కాదు, భూమి వంగి తిరగడం.

మూడోదే ఇక్కడ పనికొచ్చేది. సూర్యుడి నుంచి ఎంత దూరంలో ఉంటే, ఒక చుట్టు తిరగడానికి ఎంత కాలం పడుతుందో చెప్పే లెక్క అది. కాలాన్ని కాలంతో గుణించాలి. దూరాన్ని మూడుసార్లు వేసి గుణించాలి. భూమి దూరాన్ని 1 అనుకుని, కాలాన్ని ఏళ్లలో తీసుకుంటే ఆ రెండు అంకెలూ ఒకటే వస్తాయి. గురుగ్రహం, మన ముష్తరీ, సూర్యుడికి భూమి కంటే 5.2 రెట్లు దూరం. 5.2ని మూడుసార్లు గుణిస్తే సుమారు 140.6. గురుడికి ఒక చుట్టుకు పట్టేది 11.86 ఏళ్లు. దాన్ని దాంతోనే గుణిస్తే దాదాపు 140.7. ఇంట్లో ఫోన్లో ఉన్న కాలిక్యులేటరుతో ఏ పిల్లాడైనా చూసుకోవచ్చు.

కాబట్టి తోకచుక్క ఎప్పుడొస్తుందో తెలియడానికి దాని కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు. కొన్ని రాత్రుళ్లు అది ఎక్కడెక్కడ ఉందో కచ్చితంగా కొలిస్తే, అది ఏ దీర్ఘవృత్తంలో చిన్న ముక్కో తేలుతుంది. ముక్క దొరికితే మొత్తం దారి గీయొచ్చు. 60,000 ఏళ్ల చుట్టు అంటే దాని సగటు దూరం భూమి దూరానికి సుమారు 1,500 రెట్లు. సూర్యుడి పక్కకు వచ్చి పోయేది కొద్ది నెలలు. మిగతా కాలమంతా చీకట్లో, చలిలో, నత్తనడక.

1952లో ఆయన డాక్టరేట్ పూర్తి చేశాడు. కాలిఫోర్నియాలో పాలోమార్ కొండ మీద ఉన్న 200 అంగుళాల టెలిస్కోపు అప్పటి ప్రపంచంలో అన్నిటికంటే పెద్దది. కార్నెగీ ఫెలోషిప్ మీద అక్కడ పనిచేసే అవకాశం వచ్చింది. ఒలిన్ విల్సన్‌తో కలిసి ఒక సంగతి పట్టుకున్నాడు. కొన్ని రకాల నక్షత్రాల వెలుగును విడగొట్టి చూస్తే కాల్షియం వల్ల ఏర్పడే ఒక గీత కనబడుతుంది. ఆ గీత ఎంత వెడల్పుగా ఉంటే నక్షత్రం అసలు వెలుగు అంత ఎక్కువ. అసలు వెలుగు తెలిస్తే, ఇక్కడికి ఎంత మసకగా కనబడుతోందో చూసి దూరం లెక్కకట్టొచ్చు. 1957లో అచ్చయిన ఈ ఫలితాన్ని విల్సన్–బప్పు ప్రభావం అంటారు. ఇప్పటికీ ఖగోళ శాస్త్రం చదివే విద్యార్థులకు ఆ పేరు తెలుసు.

అక్కడే ఉండిపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. మంచి టెలిస్కోపులు, మంచి జీతం, పేరు. ఆయన మాత్రం 1953లో తిరిగొచ్చేశాడు. తిరిగొచ్చిన దేశంలో ఆయన పనికి తగిన టెలిస్కోపు లేదు.

ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వారణాసిలో కొత్తగా ఒక అబ్జర్వేటరీ పెట్టింది. 1954 చివర్లో దాని బాధ్యత ఈయన చేతికొచ్చింది. గంగ ఒడ్డు పొగమంచులో చుక్కలు చూసేదేముంది? 1955లో దాన్ని నైనితాల్ కొండలకు మార్చారు. 1960లో కొడైకెనాల్ అబ్జర్వేటరీ డైరెక్టరు అయ్యాడు. 33 ఏళ్లు కూడా నిండని మనిషి, 1899 నాటి సంస్థకు పెద్ద. కొడైకెనాల్‌లో సూర్యుడి మీద గొప్ప పని జరిగింది గానీ రాత్రుళ్లు మబ్బులెక్కువ. నక్షత్రాలకు, గ్రహాలకు వేరే కొండ వెతకాలి.

ఆ వెతుకులాట ఏళ్లపాటు సాగింది. చివరికి తమిళనాడులో జవ్వాది కొండల్లోని కావలూరు తేలింది. వాణియంబాడి పేరు మన తోలు వ్యాపారులందరికీ తెలుసు. ఆ ఊరి నుంచి కొండల్లోకి పోతే వస్తుంది ఆ పల్లె. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఉత్తరపు ఆకాశంతో పాటు దక్షిణపు ఆకాశం కూడా చాలా భాగం కనబడుతుంది. చుట్టూ అడవి, లైట్లు లేవు. 1968లో అక్కడ మొదటి టెలిస్కోపు పెట్టారు. అద్దం వెడల్పు 38 సెంటీమీటర్లు. విదేశాల్లో కొన్నది కాదు, కొడైకెనాల్ వర్క్‌షాపులో సొంతంగా చేసుకున్నది. బప్పుకు దీని మీద పట్టుదల ఎక్కువ. డబ్బు పెట్టి టెలిస్కోపు కొనుక్కోవచ్చు. కానీ అద్దం సానపట్టడం, గేర్లు కోయడం, వెలుగును లెక్కపెట్టే యంత్రం తయారుచేయడం మన చేతులకు రాకపోతే అది పాడైన రోజు మళ్లీ విదేశం వైపే చూడాలి. జఫర్ జంగ్ తెప్పించిన టెలిస్కోపు ఎన్నేళ్లు పనిలోకి రాకుండా ఉండిపోయిందో ఆ పక్కనే పెరిగినవాడికి ఒకరు చెప్పాలా?

అయినా కొనాల్సింది కొన్నారు. 1972లో తూర్పు జర్మనీలోని జైస్ కంపెనీ చేసిన 1 మీటరు టెలిస్కోపు కావలూరుకు వచ్చింది. అది వచ్చిన ఏడాదే గ్రహాల నడకతో ఒక ముహూర్తం కుదిరింది.

గ్రహాలు నక్షత్రాల ముందు నుంచి నడుస్తుంటాయి కదా. ఎప్పుడో ఒకసారి ఒక గ్రహమో, దాని ఉపగ్రహమో సరిగ్గా ఒక నక్షత్రానికి అడ్డం వస్తుంది. చీకట్లో రోడ్డు అవతల ఒక బైకు హెడ్‌లైటు పోతోందనుకోండి. మధ్యలో కరెంటు స్తంభం మనకు కనబడదు. కానీ లైటు ఒక్క క్షణం ఆరి వెలిగితే అక్కడ ఏదో ఉందని తెలుస్తుంది. లైటు టప్పున ఆరితే గట్టి వస్తువు. మసకబారుతూ మసకబారుతూ ఆరితే పొగో మంచో ఉన్నట్టు. దీన్నే గ్రహాలకు వాడతారు. నక్షత్రం ఒక్కసారిగా మాయమైతే అడ్డం వచ్చినదానికి గాలి పొర లేదు. మెల్లగా తగ్గితే ఉంది.

1972 జూన్ 7న గురుగ్రహపు పెద్ద ఉపగ్రహం గానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చింది. కావలూరులోనూ, ఇండోనేషియాలోని లెంబాంగ్‌లోనూ గమనించారు. వెలుగు తగ్గిన తీరు చూసి గానిమీడ్‌కు పల్చటి వాతావరణం ఉందన్నారు. తర్వాత అంతరిక్ష నౌకలు వెళ్లి చూస్తే అది అప్పుడు అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు పల్చన అని తేలింది. సైన్సులో ఇది మామూలే. మొదటి అంచనాను తర్వాతి కొలత దిద్దుతుంది.

అసలు పండగ 1977లో వచ్చింది.

యురేనస్ సూర్యుడికి భూమి కంటే 19 రెట్లు దూరం. ఒక చుట్టుకు 84 ఏళ్లు. ఇక్కడి నుంచి చూస్తే అది కిలోమీటరుకు పైగా దూరంలో పెట్టిన రూపాయి బిళ్లంత. 1781లో విలియం హెర్షెల్ కనిపెట్టినప్పటి నుంచి దాదాపు రెండు వందల ఏళ్లు ఎంత పెద్ద టెలిస్కోపుతో చూసినా ఆ గ్రహం పచ్చటి చిన్న బిళ్లలాగే కనబడింది. 1977 మార్చి 10న అది ఒక మసక నక్షత్రానికి అడ్డం వస్తుందని ఇంగ్లండ్‌లో గోర్డన్ టేలర్ కొన్నేళ్ల ముందే లెక్కకట్టాడు. మూడు వందల ఏళ్ల నాటి కెప్లర్ సూత్రాలు, న్యూటన్ గురుత్వాకర్షణ చేతిలో ఉంటే గ్రహం ఎక్కడుంటుందో ముందే రాసిపెట్టుకోవచ్చు. నాలుగు రోజులు అటూ ఇటూ ఏమీ ఉండదు. కానీ ఆ రాత్రి ఆకాశం తేటగా ఉండాలి, టెలిస్కోపు సిద్ధంగా ఉండాలి, వెలుగును లెక్కపెట్టే యంత్రం పనిచేయాలి, దాని దగ్గర మెలకువగా మనిషి ఉండాలి. తప్పిపోతే ఆ ముహూర్తం మళ్లీ రాదు.

అమెరికా శాస్త్రవేత్తలు టెలిస్కోపు బిగించిన విమానంలో హిందూ మహాసముద్రం మీదికి పోయారు. మనవాళ్లకు విమానం లేదు. కావలూరులో జె.సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి 1 మీటరు టెలిస్కోపు దగ్గర కూర్చున్నారు. నైనితాల్‌లోనూ గమనించారు. అదీ బప్పు నిలబెట్టిన సంస్థే. యురేనస్ ఇంకా నక్షత్రం దాకా రానే లేదు. అయినా కావలూరులో నక్షత్రం వెలుగు కొద్ది సెకన్లపాటు తగ్గి మళ్లీ లేచింది.

మబ్బు కాదు. యంత్రం తప్పు కాదు. గ్రహానికి బయట ఏదో ఉంది.

కావలూరు వాళ్లు మొదట అది యురేనస్‌కు కొత్త ఉపగ్రహం అనుకున్నారు, అలాగే ప్రకటించారు. విమానంలో పోయినవాళ్లకు మాత్రం గ్రహానికి ముందు అయిదుసార్లు, తర్వాత మళ్లీ అదే వరసలో అయిదుసార్లు వెలుగు తగ్గింది. రెండు పక్కలా ఒకే కొలతలో ఉపగ్రహాలు ఉండవు. ఉంటే అది గుండ్రంగా చుట్టి ఉన్న వలయమే. కావలూరులో తగ్గిన వెలుగు ఆ వలయాల్లో ఒకదాని వల్లేనని తేలింది. నిజానికి మనవాళ్ల మొదటి మాట మరీ తప్పని అనలేం. వలయం అంటే గట్టి రింగు కాదు, లెక్కలేనన్ని రాళ్లూ ముక్కలూ, ఒక్కోటి ఒక్కో చిన్న ఉపగ్రహంలా, కెప్లర్ చెప్పిన వేగంతోనే తిరిగే గుంపు. అంతకుముందు దాకా పుస్తకాల్లో వలయాలంటే శని ఒక్కడికే, అదే జుహల్‌కే. 1977 తర్వాత అచ్చయిన ప్రతి స్కూలు పుస్తకం మారింది. రెండేళ్లకు వాయేజర్ నౌక గురుడికి కూడా సన్నటి వలయం ఉందని చూపించింది. తర్వాత నెప్ట్యూన్‌కూ దొరికింది.

కొత్తగా వెలిసిన ఒక కొండపల్లెలో, పాలోమార్ అద్దంలో అయిదో వంతు అద్దంతో, ప్రపంచంలో ముందు వరసలో ఉన్నవాళ్లతో పాటు ఆ రాత్రి ఆ సంగతి పట్టుకున్నారు. బప్పు ఇరవై ఏళ్లుగా చేస్తూ వచ్చింది సరిగ్గా ఇలాంటి రాత్రి కోసమే. 1971లో కొడైకెనాల్ సంస్థ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్‌గా మారింది. తర్వాత దాని కేంద్రం బెంగళూరుకు వచ్చింది. దాన్ని నడపడంలో ఫైళ్లు, బడ్జెట్లు, ఢిల్లీ ప్రయాణాలు ఎన్నో. వీటన్నిటి మధ్య ఆయనకు ఉర్దూ కవిత్వం అంటే ఇష్టం అలాగే ఉండిపోయింది. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లను అది అంత సులువుగా వదలదు.

ఇక మిగిలింది పెద్ద టెలిస్కోపు. 2.34 మీటర్ల అద్దం. అద్దానికి గాజు దిమ్మ జర్మనీ నుంచి వచ్చింది. సానపట్టడం మాత్రం బెంగళూరులో మనవాళ్ల చేతుల మీదుగానే. ఇనుప చట్రం, తిప్పే గేర్లు మనదేశపు కర్మాగారాల్లోనే. అంత పెద్ద అద్దాన్ని వెంట్రుక మందంలో వెయ్యో వంతు కంటే తక్కువ తేడాతో నునుపు చేయాలి. నెలలు కాదు, ఏళ్లు పడుతుంది. తొందరపడితే అద్దం పోతుంది.

1979లో ఆయన అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1981లో పద్మభూషణ్ వచ్చింది. 1982 ఆగస్టులో గ్రీసులోని పత్రాస్‌లో ఆ సంఘం మహాసభ. అధ్యక్షుడి హోదాలో ఆయనే దాన్ని నడపాలి. ఆ దారిలోనే గుండె జబ్బు ముదిరింది. జర్మనీలోని మ్యూనిక్‌లో ఆపరేషన్ జరిగింది. ఆగస్టు 19న అక్కడే చనిపోయాడు. పత్రాస్‌లో సభ జరుగుతూనే ఉంది. 55వ ఏడు నిండి తొమ్మిది రోజులు. బెంగళూరులో అద్దం ఇంకా సానమీదే ఉంది.

నవాబు జఫర్ జంగ్ సంగతి ఇక్కడ మళ్లీ గుర్తుకొస్తుంది. ఆయన తెప్పించిన టెలిస్కోపు పని ఆయన చూడలేదు. దాని పక్కన పెరిగిన పిల్లాడు కూడా తన పెద్ద టెలిస్కోపు పని చూడలేదు. తేడా ఒకటుంది. నవాబు గారి టెలిస్కోపు ఏళ్లపాటు చేతులు మారుతూ ఆగిపోయింది. బప్పు టెలిస్కోపు ఆగలేదు, దాన్ని చేసేవాళ్లను ఆయన ముందే తయారుచేసి పెట్టాడు. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ కావలూరు వచ్చి దాన్ని ప్రారంభించాడు. టెలిస్కోపుకూ, ఆ అబ్జర్వేటరీకీ వైను బప్పు పేరు పెట్టారు. రెండేళ్లకు, 1988లో, అదే కొండ మీద నుంచి ఒక కొత్త చిన్న గ్రహాన్ని కనిపెట్టారు. దానికి గణిత శాస్త్రజ్ఞుడు రామానుజన్ పేరు పెట్టారు.

బేగంపేట అబ్జర్వేటరీ చుట్టూ ఊరు పెరిగి ఆకాశం తెల్లబడిపోయింది. ఉస్మానియా వాళ్లు అంతకుముందే రంగాపూర్ దగ్గర జపాల్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టుకుని అటు పోయారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే గమనించారు. ఆ మధ్యాహ్నం హైదరాబాద్ వీధులు ఖాళీ అయి జనం తలుపులు వేసుకుని ఇళ్లలో కూర్చున్నారు. ఇప్పటి తాత, నానాలకు బాగా గుర్తుండే ఉంటుంది.

కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే లక్షల చిన్న గ్రహాల్లో 2596 నంబరుది వైను బప్పు పేరు మీద ఉంది. ఓక్ రిడ్జ్ ప్లేటు మీద మసక గీతగా దొరికిన తోకచుక్క అది తిరిగే చోటును ఎప్పుడో దాటేసి, కెప్లర్ రెండో సూత్రం ప్రకారం ఏడాదికేడాది వేగం తగ్గించుకుంటూ, ఇంకా బయటికే పోతోంది.